రాణి పద్యాలకు ప్లేటు లేదు

మొన్న సాయంత్రం అరుగు మీద కూర్చుని పల్లీలు వలుచుకుంటుంటే పక్కింట్లోంచి ఒక చప్పుడు వినిపించింది. బరబరమని కాసేపు, ఆ తర్వాత కాగిన మూకుట్లో నీటి చుక్కలు పడ్డట్టు చిటపటమని కాసేపు. అది పాట కాదు, పాటకు ముందు వచ్చే చప్పుడు. పక్కింటి శ్రీను హైదరాబాదులో చదువుకుంటున్నాడు. అక్కడెక్కడో పాత సామాన్ల దుకాణంలో కీ ఇస్తే ప్లేట్లు తిరిగే పాటల పెట్టె, అదే గ్రామఫోను, దొరికితే మోజుపడి నాగర్‌కర్నూల్ దాకా మోసుకొచ్చాడు. ఆ బరబర విని ఎన్నేళ్లయిందో గానీ, నా చెయ్యి మాత్రం దానంతటదే గొంతు దగ్గరికి పోయింది. ఇంతలో ఎవరో మహానుభావుడు రాజు పద్యం ఎత్తుకున్నాడు. ఆయన పాడుతున్నంతసేపూ నేను మాత్రం ఏ ప్లేటుకూ ఎక్కని మరొక మనిషిని తలుచుకుంటూ కూర్చున్నాను. ఆయన పేరు తిప్పన్న పంతులు. నాకు నోట మాట వచ్చింది మా అమ్మ వల్ల అయితే, ఆ నోటికి ఒక విలువ వచ్చింది ఆయన వల్ల.

మాది గట్టు దగ్గర చిన్న ఊరు. జొన్న, ఆముదం, వేరుశనగ తప్ప మరొకటి ఆశపడకూడని మెట్ట నేల. పంట ఇల్లు చేరాక మళ్లీ మబ్బు పట్టేదాకా మగవాళ్లకు పెద్దగా పనుండేది కాదు. ఆ ఖాళీ నెలల్లో మా ఊరికి నాటకం పిచ్చి పట్టేది. తిప్పన్న పంతులు గద్వాల నుంచి ఏటా ఆ రోజుల్లో వచ్చేవాడు. హార్మోనియం పెట్టె బండిలో, తాను బండి పక్కన నడకలో. పెట్టెకు కుదుపు తగలకుండా ఒక చెయ్యి దాని మీద ఆనించి దారంతా నడిచి వచ్చేవాడు. పొట్టి మనిషి, పెద్ద ఛాతీ. మండే ఎండల్లో కూడా మెడకు ఎర్ర మఫ్లరు చుట్టుకునేవాడు. ఊళ్లో ఇల్లిల్లూ వంతులవారీగా ఆయనకు అన్నం పెట్టేది. పటేలు కొట్టంలో మధ్యాహ్నాలు సాధన జరిగేది. అక్షరం ముక్క రాని రైతులు, వేలిముద్ర వేయడానికే చెమటలు పట్టే మనుషులు, ఆయన నోట విని నోట పట్టి, ఉగాది దాటేసరికి సమాసాలు నిండిన పద్యాలు గుక్క తిప్పుకోకుండా పాడేవాళ్లు. కొత్తవాళ్లకు ఇది అబద్ధంలా అనిపించవచ్చు. నేను చూశాను కాబట్టి చెప్తున్నాను.

ఆయన నేర్పే పద్ధతి మాత్రం ఎక్కడా చూడలేదు. వేషం అడగడానికి వచ్చినవాణ్ని ముందు పాడమనేవాడు కాదు. "నీ ఎడ్లను ఎట్ల పిలుస్తవో గట్ల పిలువు" అనేవాడు. నలుగురి ముందు ఎడ్లను పిలవడమేమిటని వాడు సిగ్గుపడేవాడు. పంతులు వదిలేవాడు కాదు. చివరికి వాడు కళ్లు మూసుకుని, తన చేను గట్టు మీద నిలబడ్డట్టు ఊహించుకుని, "ఓ పుల్లా" అని గొంతెత్తేవాడు. ఆ పిలుపు గాలిలో ఉండగానే పంతులు వేళ్లు హార్మోనియం మెట్ల మీద వెతుక్కుంటూ పోయి ఒకచోట ఆగేవి. అదే వాడి శ్రుతి. ఇక ఆ ఏడంతా వాడి పద్యాలన్నీ ఆ మెట్టు మీదనే. ఎంత గొప్ప పద్యమైనా వాడి గొంతు దగ్గరికే రావాలి తప్ప వాడి గొంతు పద్యం వెంట నిచ్చెనేసుకుని ఎక్కకూడదు.

నాకు ఎడ్లు లేవు. మా అన్న ఈరన్న దుక్కి దున్నేవాడు, నేను ఇంటి నుంచి చేనుకు సద్ది మోసేవాణ్ని. పైగా నాది సన్న గొంతు. పద్దెనిమిదేళ్లు వచ్చినా గొంతు మారలేదని ఊరంతా నవ్వేది. నేను మాట్లాడితే వెనకనుంచి ఎవరో ఒకరు ఆడగొంతుతో వెక్కిరించేవాళ్లు. అందుకే మాట్లాడటమే తగ్గించుకున్నాను. అలాంటి నన్ను అన్న బలవంతాన కొట్టంలోకి ఈడ్చుకెళ్లాడు. పంతులు నన్ను చూసి, చేనుకు పోయి అన్నను అన్నానికి ఎట్ల పిలుస్తవో పిలువమన్నాడు. నేను కొట్టం గోడ వైపు తిరిగి "అన్నా" అన్నాను. ఆ చివర గాటికి గడ్డి వేస్తున్న అన్న, ఇదంతా పరీక్ష అని మరిచిపోయి, చేన్లో బదులిచ్చినట్టే "ఓ" అన్నాడు. జనం గొల్లుమన్నారు. పంతులు నవ్వలేదు. వేళ్లు ఒక మెట్టు మీద ఆనించి నా వైపు తిరిగాడు.

"ఇది సన్న గొంతు గాదురా నాగన్నా. దూరం పోయే గొంతు. చేను ఆ కొసకున్నోడు పని ఇడిసి తల ఎత్తిండంటె ఊకెనే ఎత్తిండా?"

నా గొంతు గురించి ఎవరైనా మంచి మాట అనడం అదే మొదటిసారి. ఆ రోజు ఇంటికి ఎలా నడిచి వచ్చానో నాకు గుర్తు లేదు. అన్నకు రాజు వేషం, నాకు రాణి వేషం ఇచ్చాడు. ఇద్దరికీ ఒకటే మెట్టు శ్రుతి. ఆ ఏడు నాటకమయ్యాక నన్ను వెక్కిరించినవాళ్లే బండ్లాపి పలకరించారు. రెండో ఏడు కూడా అలాగే గడిచింది. మనిషికి ఒక చోటు దొరకడం అంటే ఏమిటో నాకు ఆ రెండేళ్లలో తెలిసింది.

మూడో ఏడు పటేలు రాయచూరు పోయి పాటల పెట్టె తెచ్చాడు. ఇత్తడి కొమ్ము తళతళలాడుతుంటే ఊరు ఊరంతా ఆయన వసారాలో చేరింది. పటేలు తల్లి కొమ్ముకు కుంకుమ పెట్టింది. లోపల పాడే మనిషి వైపు కాళ్లు చాపి కూర్చోవద్దని పిల్లలను కోప్పడింది. పెట్టెతో పాటు మా నాటకంలోని రాజు పద్యాల ప్లేట్లు కూడా వచ్చాయి. పాడినవాడు ఏ పట్నం నటుడో గానీ ఏం గొంతు! ఆకాశంలో గద్ద తిరిగినంత ఎత్తున తిరిగేది. రెండు రోజులు విన్నాక పటేలు తేల్చి చెప్పాడు. ఇంత పెద్ద గురువు ఇంట్లో ఉండగా ఇక పంతులెందుకు? ఈ గురువు అలిసిపోడు, కోప్పడడు, వంతు తప్పిన ఇంటి ముందు అలగడు. అందరికీ సబబుగానే తోచింది. అన్న అయితే పొద్దున్నే వసారాకు చేరేవాడు.

ఎవరికీ తట్టని సంగతి ఒకటుంది. కొనేవాళ్లు రాజు పద్యాలే అడుగుతారు కాబట్టి ప్లేట్ల మీద రాజే ఉన్నాడు. రాణి పద్యం ఒక్కటీ లేదు. నేను పటేలును అడిగితే, ఆ నాలుగు పద్యాలు లేకపోతే కొంప మునగదు, రాణి ఊరికే ఏడిస్తే చాలదా అన్నాడు. వసారాలో అందరూ నవ్వారు. ఆ పద్యాలు పోతే నేను మళ్లీ పాత నాగన్ననే, వెనకనుంచి వెక్కిరించడానికి పనికొచ్చే గొంతునే.

కబురు అందలేదో, అందినా రావాలనిపించిందో తెలియదు, తిప్పన్న పంతులు ఎప్పటిలాగే బండి పక్కన నడుచుకుంటూ వచ్చాడు. పటేలు మర్యాదగానే మంచినీళ్లు ఇప్పించి, తల గోక్కుంటూ సంగతి చెప్పాడు. కోపగించుకుంటాడని అందరమూ చూస్తున్నాం. ఆయన మఫ్లరు విప్పి ముఖం తుడుచుకుని, జర వినిపించమని అడిగాడు. ప్లేటు తిరిగింది. పంతులు కళ్లు మూసుకుని విన్నాడు. అయిపోయాక మళ్లీ పెట్టమన్నాడు. మూడోసారి పెట్టించుకున్నప్పుడు ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఏం పాడిండప్పా" అన్నాడు. "నేను పుట్టి గింత మంచిగ వినలే." తర్వాత లేచి, పెట్టె చుట్టూ ఒకసారి తిరిగి, కొమ్ములోకి వంగి చూసి, నిదానంగా అన్నాడు.

"పటేలా, దీనికి నోరున్నది. చెవులు లేవు. ఇది ఎంత మంచిగ చెప్పినా మనోడు ఎట్ల అంటుండో దీనికి తెల్వదు."

ఆ మాట అని ఆయన బండి దగ్గరికి నడిచాడు. హార్మోనియం బండిలోకి ఎక్కించబోతుంటే మా అమ్మ అడ్డుపడింది. ఊరి వంతులు ఊరికి లేకపోతే లేకపోయె, మా ఇంటి వంతు మాకుంది, నా చిన్నకొడుకు పద్యాలు ఎవరు చెప్తారు అంది. అలా ఊరంతటికీ గురువైన మనిషి ఆ ఏడు ఒక్క శిష్యుడి కోసం మా దొడ్లో గడ్డివాము నీడన దిగాడు. అమ్మ ఆ రోజు నోరు తెరిచి అడగకపోయి ఉంటే నా బతుకు ఎటు పోయేదో నాకు తెలియదు.

నేను ఆశ్చర్యపోయింది తర్వాత సంగతికి. పొద్దున నాకు పాఠం చెప్పి, మధ్యాహ్నం ఆయనే పటేలు వసారాకు పోయి అందరి వెనక కూర్చుని ప్లేట్లు వినేవాడు. ఆ పట్నం నటుడు ఏ సంగతి ఎక్కడ విరిచాడో వేళ్లతో తొడ మీద వాయించుకుంటూ నేర్చుకునేవాడు. మిమ్మల్ని కాదన్న పెట్టె దగ్గరికి మీరెట్లా పోతారని నేను ఉడుక్కుని అడిగాను. ఆయన హార్మోనియం మీద దుమ్ము తుడుస్తూ తన కథ చెప్పాడు. ఆయన గురువుకు తంబుర తప్ప మరొకటి పడదట. తిప్పన్న పంతులు వయసులో ఉండగా ఈ హార్మోనియం కొనుక్కుని పోతే, చెక్క పెట్టె పక్కన కూర్చుని సంగీతం చెప్పనని ఆయన ముఖం తిప్పుకున్నాడట. ఆ మాట చెప్పి పంతులు తుడిచే గుడ్డ దులుపుకున్నాడు.

"ఆయన సచ్చిందాక నాతోని మాట్లాడలే. ఆయనకాడ ఇంక ఎంత విద్య ఉండెనో, అంత ఆయనతోనే పాయె. నేను గూడ గీ పెట్టెను చూసి ముఖం తిప్పుకుంటె ఆయనకు నాకు ఏం ఫరకు?"

నా పాఠం మాత్రం కష్టమైంది. నా నాలుగు పద్యాలు వస్తే సరిపోదన్నాడు. రాజు పద్యాలన్నీ కూడా నాకు రావాలన్నాడు. ఎదుటివాడు ఊపిరి ఎక్కడ తీసుకుంటాడో తెలియకపోతే నువ్వెక్కడ అందుకుంటావు అని ఆయన వాదన. నేను పాడుతుండగా మధ్యలో తానే రాజై పాడుతూ, కావాలనే ఆగిపోయేవాడు, తడబడేవాడు, ఒక పాదం మింగేసేవాడు. నేను తెల్లముఖం వేసి నిలబడితే "సాకు, సాకు" అని ఆపేసేవాడు. చాలు అని చెప్పడానికి ఆయనకు సరిహద్దు కన్నడమే ముందు నోటికొచ్చేది. "నీ వంతు కోసం కాసుకొని నిలబడకు. రాజును వినుకుంట నిలబడు" అని మళ్లీ మొదటి నుంచి ఎత్తించేవాడు. తిట్టిన తిట్లు ఇక్కడ రాయను గానీ అన్నీ గుర్తున్నాయి.

అక్కడ వసారాలో వేరే కష్టం మొదలైంది. అన్న ప్లేటు ఎత్తుకు గొంతు లాగి లాగి మాట బొంగురుపోయేది. రాత్రి మిరియాల పాలు, పొద్దున మళ్లీ లాగడం. ఇంకో విచిత్రం. పద్యం పెద్దదైతే ప్లేటుకు ఒక పక్క సరిపోయేది కాదు. సగం పాడి ముల్లు గీసుకుపోయేది. పటేలు ముల్లు ఎత్తి, ప్లేటు తిప్పి, కీ ఇచ్చి మళ్లీ పెట్టేవాడు. అన్న ఆ ఆగడాన్ని కూడా నేర్చుకున్నాడు. సగం పద్యం పాడి, నోరు మూసుకుని, కీ ఇచ్చేంతసేపు గుడ్లప్పగించి నిలబడి, ఆ తర్వాత మిగతా సగం ఎత్తుకునేవాడు. అది పద్యంలోని భాగమే అనుకున్నాడు పాపం. పంతులు ఒకటికి రెండుసార్లు చెప్పబోయాడు. పట్నం నటుడే అట్ల ఆగినప్పుడు నువ్వెవరు చెప్పడానికి అని అన్న కసిరాడు. నాటకం నాడు పెట్టెను పక్కన తిప్పుతూ పాడదామని పటేలు చూశాడు గానీ, పెట్టె ముందు పోయేది, మనుషులు వెనక పడేవాళ్లు. చివరికి హార్మోనియం వాయించమని పంతులునే అడిగారు. ఆయన బెట్టు చెయ్యలేదు. నేర్పొద్దన్నారు గానీ వాయించొద్దనలేదు కదా అని నవ్వి ఒప్పుకున్నాడు.

చుట్టుపక్కల ఊళ్ల నుంచి బండ్లు కట్టుకుని జనం వచ్చారు. రాజ్యం పోగొట్టుకున్న రాజూ రాణీ కడపట కలుసుకునే రంగం వచ్చేసరికి తూర్పు తెల్లబడుతోంది. చిన్నపిల్లలు తల్లుల ఒళ్లో లేచి కూర్చున్నారు. అన్న తన పెద్ద పద్యం ప్లేటు ఎత్తులో అందుకున్నాడు. మొదటి సగం ఎలాగో లాగాడు. మెడ నరాలు తాళ్లలా లేచాయి. సగానికి వచ్చి, అలవాటు ప్రకారం ఆగాడు. జనం చూస్తున్నారు. పెట్టెకు కీ ఇచ్చేంత సమయం గడిచింది. అన్న నోరు తెరిచాడు. గాలి తప్ప ఏమీ రాలేదు. మళ్లీ తెరిచాడు. వెనక నుంచి ఎవడో "కీ ఇయ్యుండ్రిరా" అన్నాడు. నవ్వు మొదలైంది, మూల నుంచి మూలకు పాకుతోంది. కిరీటం కింద మా అన్న ముఖం చూడలేకపోయాను. ఊరంతటిలో గట్టి గొంతు అని పేరున్న మనిషి, నన్ను ఎవరు వెక్కిరించినా కొట్టడానికి పోయిన మనిషి.

అప్పుడు హార్మోనియం మారింది. పంతులు తల ఎత్తకుండానే ప్లేటు మెట్టు వదిలి కిందికి దిగి ఒకచోట ఆగాడు. ఆ మెట్టు నాకు తెలుసు. కొట్టం గోడ వైపు తిరిగి అన్నను పిలిచిన మెట్టు. ఆయన నాకేమీ సైగ చెయ్యలేదు. అక్కర్లేదు కూడా. నేను ముందుకు వచ్చి, నాటకంలో లేని పిలుపు ఒకటి పిలిచాను. "నాథా" అన్నాను. మాట రాణిది, పిలుపు మాత్రం సద్ది నెత్తిన పెట్టుకుని చేను గట్టు మీద నిలబడ్డ తమ్ముడిది. అన్న ఉలిక్కిపడి, చేన్లో తిరిగినట్టే నా వైపు తిరిగాడు. "ఓ" అన్నాడు. తన సొంత గొంతుతో, తన సొంత మెట్టు మీద. ఆ "ఓ" మీదనే పద్యం మిగతా సగం ఎత్తుకున్నాడు. బొంగురు గొంతే, ఎత్తూ లేదు, మెరుపులూ లేవు. భార్యను చాలాకాలానికి చూసిన మనిషి ఎలా మాట్లాడతాడో అలా పాడాడు. నవ్వినవాళ్లు ఎప్పుడు ఆగారో తెలియదు. ఆడవాళ్లు కొంగులు కళ్లకు అడ్డం పెట్టుకున్నారు. జనం అది నాటకంలో ఉన్న పిలుపే అనుకున్నారు.

వేషాలు కడుక్కున్నాక అన్న పోయి పంతులు కాళ్ల మీద పడ్డాడు. ఆయన లేవనెత్తి, ఆ ప్లేటు మీదాయన తప్పేం లేదు, ఆయనది ఆయన గొంతు, నీది నీ గొంతు అన్నాడు. మరుసటి ఏటి నుంచి మళ్లీ ఇల్లిల్లూ వంతులు వేసుకుంది. పాటల పెట్టె మాత్రం మూలకు పోలేదు, పంతులు పోనివ్వలేదు. సాధన మొదలు పెట్టే ముందు అందరినీ కూర్చోబెట్టి ప్లేట్లు వినిపించేవాడు. పద్యం ఎంత దూరం పోగలదో చెవులకు తెలియాలి అనేవాడు. తర్వాత మూత వేయించి, ఎడ్లను పిలవమనేవాడు. ఆ రెండూ తెలిసిన పంతులు మా తాలూకాలో ఆయనొక్కడే.

నన్ను బడి పంతులు కమ్మన్నదీ ఆయనే. ఎదుటివాణ్ని వినడం వచ్చినవాడు చెప్పగలడని ఆయన నమ్మకం. వీధిబడిలో నేర్చిన నాలుగు ముక్కలకు మరికొంత చదువు కలుపుకుని, నాగర్‌కర్నూల్‌లో బళ్లో కుదిరాక గద్వాల పోయి చెప్పాను. అప్పటికి ఆయన గొంతు పూర్తిగా పోయింది. గుసగుస తప్ప మాట లేదు. కొడుకు కొనిచ్చిన రేడియో దిండు పక్కన పెట్టుకుని పడుకున్నాడు. నన్ను చూడగానే చెయ్యి చాచి రేడియో కట్టేశాడు. అందులో ఎవరో చాలా గొప్పగా పాడుతున్నారు, ఉండనివ్వండి అన్నాను. తల అడ్డంగా ఊపాడు.

"అది మళ్ల పాడ్తది. నువ్వు మళ్ల ఎప్పుడొస్తవో. చెప్పు, నేను వింట."

నేను చెప్పుకున్నాను. పిల్లల గురించి, బడి గురించి, అన్న గురించి చెప్పుకుంటూ పోయాను. ఆయన నా ముఖం మీది నుంచి చూపు తిప్పకుండా విన్నాడు. నన్ను అంత శ్రద్ధగా విన్న మనిషి నా జీవితంలో ఆయన తర్వాత మరొకరు లేరు. మళ్లీ పోయేసరికి ఆయన లేడు. బళ్లో నేను పనిచేసినన్నాళ్లూ కొత్తగా చేరిన పిల్లవాడు నోరు విప్పకపోతే పుస్తకం మూసి, మీ మేకను ఎట్ల పిలుస్తవురా అని అడిగేవాణ్ని. తోటి ఉపాధ్యాయులు నవ్వుకునేవాళ్లు. పిల్లలు మాత్రం పిలిచేవాళ్లు, పిలిచాక చదివేవాళ్లు. ఆ పని నాది కాదు, ఆయనది. ఆయన రుణం తీరేది కాదని నాకు తెలుసు, తీర్చుకోవాలని కూడా లేదు.

మొన్న సాయంత్రం పక్కింట్లో ప్లేటు సగం పద్యానికి వచ్చి గీసుకుపోయింది. శ్రీను ముల్లు ఎత్తి ప్లేటు తిప్పబోతుంటే నేను గోడ పక్కకు పోయి నిలబడ్డాను. వాడు సిగ్గుపడుతూ, ఈ పద్యం నేర్చుకోవాలని ఉంది తాతా, కానీ నా గొంతు అంత ఎత్తు పోదు అన్నాడు. జర ఆగు, ఇంకా తిప్పకు అన్నాను.

"ముందుగాల మీ అమ్మను ఎట్ల పిలుస్తవో గట్ల పిలువు."

వాడు నన్ను వింతగా చూసి, ఇంటి వైపు తిరిగి "అమ్మా" అని కేకేశాడు. లోపలి నుంచి వాళ్లమ్మ "ఏందిరా" అంటూ పిండి చేతులతో బయటికి వచ్చింది. నాకు శ్రుతి దొరికింది.